బోధనభాష, పరిశోధనభాష: తెలుగునాట సామాజికశాస్త్రాల ఉన్నతవిద్య - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సామాజికశాస్త్రాల ఉన్నతవిద్య నేడు ఎదుర్కొంటున్న సవాళ్లను నిధుల కొరత, అధ్యాపక ఖాళీలు, ఉద్యోగావకాశాల లేమి అనే కోణాల నుంచి చర్చించడం పరిపాటి. తెలుగునాట వీటికి తోడు మరొక మూలసమస్య ఉంది. తెలుగును ఉన్నతవిద్యలో బోధనభాషగా, పరీక్షభాషగా అంగీకరించిన వ్యవస్థ దానిని పరిశోధనభాషగా తీర్చిదిద్దలేదు. విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి నుంచి జాతీయ విద్యావిధానం - 2020 వరకు సాగిన పరిణామాలను కాలక్రమంలో పరిశీలించి, ఈ అంతరం ఎలా ఏర్పడిందో, నేటి విధానాలు దానిని ఎందుకు పూడ్చలేకపోతున్నాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సామాజికశాస్త్రాలు, ఉన్నతవిద్య, బోధనమాధ్యమం, తెలుగు అకాడమి, పరిభాష, పరిశోధన ప్రచురణ.

1. ఉపోద్ఘాతం

కేంద్ర విద్యాశాఖ వెలువరించిన అఖిలభారత ఉన్నతవిద్యా సర్వేక్షణ ప్రకారం 2021-22లో దేశంలో ఉన్నతవిద్య అభ్యసిస్తున్నవారు సుమారు 4.33 కోట్ల మంది. డిగ్రీస్థాయి విద్యార్థుల్లో 34.2 శాతం మంది ఆర్ట్స్ విభాగానికి చెందినవారు. విజ్ఞానశాస్త్రాల వాటా 14.8 శాతం, ఇంజనీరింగ్ వాటా 11.8 శాతం. అంటే సంఖ్యను బట్టి చూస్తే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటి విషయాలను ఆదరణ కోల్పోయినవిగా భావించడానికి వీలులేదు. వాటి బలహీనత చదివేవారి సంఖ్యలో లేదు. చదివినవారు ఆ శాస్త్రానికి కొత్తగా ఏమి చేర్చగలుగుతున్నారన్న దానిలో ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ప్రభుత్వ కళాశాలల్లో సామాజికశాస్త్రాలను ఎంచుకున్న విద్యార్థుల్లో చాలామంది గ్రామీణ నేపథ్యం కలవారు, తమ కుటుంబంలో కళాశాల గడప తొక్కిన తొలితరం వారు. కులం, భూమి, వలస, అప్పు, స్త్రీల శ్రమ వంటివి సామాజికశాస్త్రాలకు అధ్యయనాంశాలైతే, వారికి అవి అనుభవాంశాలు. ఆ అనుభవాన్ని శాస్త్రజ్ఞానంగా మలిచే అవకాశం వారికి ఏ భాషలో, ఏ స్థాయి వరకు లభించింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే తెలుగులో సామాజికశాస్త్ర రచన నడిచిన దారిని మొదటినుంచి చూడవలసి ఉంటుంది.

2. విశ్వవిద్యాలయానికి వెలుపల తొలి కృషి

తెలుగులో ఆధునిక చరిత్రరచన, అర్థశాస్త్రరచన విశ్వవిద్యాలయాల్లో మొదలుకాలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1906లో అక్కడే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ప్రారంభమైంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు దీనికి అండగా నిలిచారు. హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రతో మొదలైన ఈ గ్రంథమాలలో చరిత్ర, విజ్ఞానశాస్త్రాలు, అర్థశాస్త్రం చోటు చేసుకున్నాయి. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి సంపుటం 1910లో ఈ మాల ద్వారానే వెలువడింది. కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రాన్ని తెలుగు పాఠకులకు అందించిందీ ఈ మండలి ద్వారానే.

ఆ తరం పాఠకుడిని పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థిగా చూడలేదు. ఇంగ్లీషు రానంత మాత్రాన ప్రపంచజ్ఞానానికి దూరం కాకూడని పౌరునిగా చూసింది. లక్ష్మణరావు తలపెట్టిన ‘ఆంధ్ర విజ్ఞానసర్వస్వము’ ఈ దృష్టికి పరాకాష్ఠ. అకారాది క్రమంలో మొదలైన ఆ బృహత్కార్యం తొలి అక్షరాల దగ్గరే ఉండగా 1923లో ఆయన మరణించారు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు దానిని పునరుద్ధరించడానికి పూనుకున్నారు. లక్ష్మణరావు స్మృత్యర్థం పేరుపెట్టిన లక్ష్మణరాయ పరిశోధకమండలి తెలంగాణ శాసనాలను సేకరించి ప్రకటించింది. వ్యక్తుల దీక్ష, దాతల సహాయం మీద నడిచిన ఈ సంస్థలకు ప్రభుత్వ గుర్తింపుగాని, స్థిరమైన ఆదాయంగాని లేవు. అయినప్పటికీ ఆధారాలను సేకరించడం, పరిశీలించడం, వాదించడం, ప్రకటించడం తెలుగులో జరగగలవని అవి నిరూపించాయి.

ఇదే కాలంలో రెండో ధోరణి కూడా కనిపిస్తుంది. 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926 నుంచి వెలువరించిన పత్రిక ప్రధానంగా ఆంగ్లంలో నడిచింది. తెలుగు ప్రాంత చరిత్రను ఇతర ప్రాంతాల పండితులు గుర్తించాలంటే ఆంగ్లం తప్పనిసరి అని ఆ పరిశోధకులు భావించడంలో అసహజమేమీ లేదు. అయితే పరిశోధన ఆంగ్లంలోను, జనరంజకమైన కథనం తెలుగులోను అనే విభజనకు బీజం అక్కడే పడింది.

3. రెండు విశ్వవిద్యాలయాలు, రెండు మార్గాలు

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. తెలుగులో అర్థశాస్త్రం రాసిన పండితుడే నాయకత్వం వహించినా, ఆ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర బోధన ఆంగ్లంలోనే సాగింది. దీనిని వ్యక్తిగత వైరుధ్యంగా చూడడం సరికాదు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి సంక్రమించిన పరీక్షా విధానం, ప్రభుత్వోద్యోగాల అవసరాలు, అధ్యాపకుల శిక్షణ అన్నీ ఆంగ్లంతో ముడిపడి ఉన్నాయి.

హైదరాబాదు సంస్థానం మరో మార్గాన్ని ఎంచుకుంది. అక్బర్ హైదరీ ప్రతిపాదన మేరకు 1917లో వెలువడిన ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రూపకల్పన జరిగింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. ఉర్దూ బోధనమాధ్యమం, ఆంగ్లం తప్పనిసరి భాష. మౌల్వీ అబ్దుల్ హఖ్ నేతృత్వంలో అనువాద విభాగం ముందుగానే పని ప్రారంభించి చరిత్ర, తత్త్వశాస్త్రం, అర్థశాస్త్రం, న్యాయశాస్త్రాలకు గ్రంథాలను, పరిభాషను సిద్ధం చేసింది. భారతీయ భాషలో ఉన్నతవిద్య సాధ్యం కాదన్న వాదనకు ఉస్మానియా ఆచరణలో ఇచ్చిన సమాధానం ఇది.

ఆ ప్రయోగానికి ఒక పరిమితి ఉంది. సంస్థాన జనాభాలో అధికసంఖ్యాకులైన తెలుగువారికి ఉర్దూ మాతృభాష కాదు. తెలుగు ఒక శాఖగా ఉన్నది తప్ప ఇతర శాస్త్రాలకు మాధ్యమం కాలేదు. 1948 తరువాత ఉస్మానియాలో బోధనభాష ఆంగ్లమైంది. మూడు దశాబ్దాలు శ్రమించి సమకూర్చిన ఉర్దూ శాస్త్రవాఙ్మయం వాడుకకు దూరమైంది. రాజ్యం ఇచ్చిన ఆదరణ మీదనే ఆధారపడిన బోధనభాష, ఆ రాజ్యం మారగానే నిలవలేకపోయింది. తెలుగు మాధ్యమం చరిత్రను పరిశీలించేటప్పుడు ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవలసి ఉంది.

4. రెండు గ్రంథాలు, రెండు భాషలు

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో వెలువడిన రెండు గ్రంథాలు ఆనాటి స్థితిని స్పష్టం చేస్తాయి. లక్ష్మణరావు వద్ద విజ్ఞానసర్వస్వం పనిలో ఆరితేరిన మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డిరాజ్యాల చరిత్రను ఆంగ్లంలో రచించగా 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. శాసనాలు, కావ్యాలు, కైఫీయతులు ఆధారంగా రాజకీయ చరిత్రతో పాటు ఆర్థిక, సాంఘిక జీవనాన్ని చిత్రించిన గ్రంథమది. 1949లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెలుగులో వెలువడింది. రాజుల చరిత్రను పక్కనపెట్టి ప్రజల తిండి, దుస్తులు, ఆటలు, వృత్తులు, విశ్వాసాలను సాహిత్యాధారాలతో పునర్నిర్మించిన ఈ రచనకు 1955లో సాహిత్య అకాడమి పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన తొలి గ్రంథం ఇదే.

శర్మ రచన పరిశోధకుల ఆధారగ్రంథమైంది. ప్రతాపరెడ్డి రచన సాహిత్య పురస్కారం అందుకున్న, తెలుగు శాఖల్లో ఎక్కువగా చదివే గ్రంథమైంది. ఇద్దరూ దాదాపు ఒకే ఆధారసామగ్రిని ఉపయోగించుకున్నారు. ఇద్దరి కృషీ విలువైనదే. కాని ఆంగ్లంలో రాసిన సాంఘికచరిత్ర చరిత్రశాస్త్రంగాను, తెలుగులో రాసిన సాంఘికచరిత్ర సాహిత్యంగాను పరిగణన పొందే స్థితి అప్పటికే నెలకొంది.

5. తెలుగు అకాడమి: బోధనభాషగా తెలుగు

రాధాకృష్ణన్ కమిషన్ (1948-49), కొఠారీ కమిషన్ (1964-66) రెండూ ఉన్నతవిద్యలో భారతీయ భాషలు మాధ్యమం కావాలని సూచించాయి. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాల కోసం కేంద్రం రాష్ట్రాలకు ఆర్థికసహాయం ప్రకటించిన నేపథ్యంలో, 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షతన తెలుగు అకాడమి ఏర్పడింది. ఆ తరువాత ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయుల్లో తెలుగు మాధ్యమం విస్తరించింది. క్రమంగా పలు విశ్వవిద్యాలయాలు సామాజికశాస్త్రాల్లో ఎం.ఏ. పరీక్షలను తెలుగులో రాయడానికి కూడా అనుమతించాయి.

ఈ నిర్ణయం సామాజిక ఫలితాలను తక్కువగా అంచనా వేయకూడదు. అంతవరకు ఇంటర్మీడియట్ దగ్గరే ఆగిపోయే గ్రామీణ విద్యార్థి ఎం.ఏ. వరకు చేరగలిగాడు. శిష్టవ్యావహారికంలో రాసిన పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు అందుబాటులోకి వచ్చాయి. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. దాని తొలి ఉపాధ్యక్షుడు జి. రామరెడ్డి స్వయంగా రాజనీతిశాస్త్రవేత్త. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యసామగ్రి ద్వారా ఉద్యోగులకు, గృహిణులకు, శ్రామికులకు డిగ్రీవిద్యను చేరువ చేసింది.

అయితే ఈ కృషి అంతా పాఠ్యప్రణాళిక అవసరం చుట్టూ తిరిగింది. పాఠ్యగ్రంథం స్థిరపడిన జ్ఞానాన్ని సంక్షేపించి అందిస్తుంది. శాస్త్రం పెరగడానికి ఇంకా కొన్ని కావాలి: మౌలిక గ్రంథం, క్షేత్రపరిశోధన నివేదిక, సమీక్ష, ఖండనమండనలకు చోటిచ్చే పత్రిక. ఇవి తెలుగులో పాఠ్యగ్రంథాలతో సమానంగా ఎదగలేదు. సామాజికశాస్త్రాల్లో సిద్ధాంతగ్రంథాన్ని ఆంగ్లంలో సమర్పించడమే ఆనవాయితీగా కొనసాగింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం తరఫున జరిగే జాతీయ అర్హత పరీక్షలో భాషాసాహిత్యాలు మినహా ఇతర విషయాల ప్రశ్నపత్రాలు ఆంగ్లం, హిందీలలోనే ఉంటాయి. హిందీ మాధ్యమ విద్యార్థికి ఉన్న వెసులుబాటు తెలుగు మాధ్యమ విద్యార్థికి లేదు. తెలుగులో ఎం.ఏ. పూర్తిచేసిన చరిత్ర విద్యార్థి పరిశోధనకు వచ్చేసరికి, విషయం కన్నా ముందు భాషను దాటవలసిన స్థితి ఏర్పడింది.

తెలుగు అకాడమి పుస్తకాలకు కొత్త ఆదరణ పోటీ పరీక్షల ద్వారా లభించింది. గ్రూప్ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి అవే ప్రామాణికాలయ్యాయి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్రావతరణకు ప్రత్యేక పత్రం కేటాయించడంతో స్థానిక చరిత్ర పుస్తకాలకు గిరాకీ పెరిగింది. చరిత్రపఠనం పెరగడం మంచిదే. కాని ఒకే సరైన జవాబును కోరే పరీక్షకు తగినట్లు రాసే పుస్తకంలో భిన్నాభిప్రాయాలకు, ఆధారాల విమర్శకు స్థానం తగ్గుతుంది. శాస్త్రం సమాచారంగా కుదించుకుపోతుంది.

6. పరిభాష: పదం వెనుక అనుభవం

తెలుగులో సామాజికశాస్త్రాలకు పరిభాష చాలదనే వాదన తరచుగా వినిపిస్తుంది. 1961 నుంచి కేంద్రస్థాయిలో శాస్త్రసాంకేతిక పరిభాషా సంఘం పనిచేస్తోంది. రాష్ట్రస్థాయిలో తెలుగు అకాడమి పదకోశాలు ఉన్నాయి. కనుక లోటు పదాల సంఖ్యలో లేదు, వాడుకలో ఉంది. ఒక శాస్త్రశాఖ పేరే సమాజశాస్త్రం, సామాజికశాస్త్రం, సాంఘికశాస్త్రం అని మూడు విధాలుగా వినిపిస్తుంది. వీటిలో ‘సామాజికశాస్త్రం’ మొత్తం శాస్త్రసమూహానికీ పేరు. ‘సాంఘికశాస్త్రం’ పాఠశాల విషయానికీ పేరు. పండితులు పరస్పరం తెలుగులో చర్చించుకుంటే ఇటువంటి అస్పష్టత కాలక్రమంలో తొలగిపోతుంది. పదకోశం పదాన్ని ప్రతిపాదించగలదు. స్థిరపరచేది చర్చ మాత్రమే.

పరిభాష సమస్యకు మరో పార్శ్వం ఉంది. తెలుగు సమాజం తన శ్రమసంబంధాలకు తానే పేర్లు పెట్టుకుంది. వెట్టి, భగేలా, జీతం, పాలేరుతనం అనేవి ఒకటి కావు. తెలంగాణలో వెట్టి ప్రధానంగా దొరలకు, గ్రామాధికారులకు కులవృత్తుల వారీగా చేయవలసిన కూలిలేని నిర్బంధ సేవ. భగేలా అప్పుతో ముడిపడిన బానిసత్వం. జీతగాడు, పాలేరు సంవత్సరపు ఒప్పందంతో రైతు వద్ద ఉండేవారు. వారి ఒప్పందంలో స్వేచ్ఛ ఎంత, నిర్బంధం ఎంత అనేది ప్రాంతాన్ని, పంటను, అప్పును బట్టి మారేది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తన నిర్వచన విభాగంలో భగేలా, జీతం, పాలేరు, వెట్టి అనే పేర్లను దేశంలోని ఇతర పద్ధతుల పేర్లతో కలిపి ఒకే జాబితాలో చేర్చింది. నిర్మూలనకు పూనుకున్న చట్టానికి అన్నిటినీ ఒక గొడుగు కిందకు తేవడం అవసరం. పరిశోధనకు మాత్రం వాటి మధ్య తేడాలే ముఖ్యం. ఆ చట్టాన్ని తెలుగులో పేర్కొనేటప్పుడు సైతం ‘వెట్టి’ అనే ఒక పద్ధతి పేరే మొత్తానికి పేరైపోవడం గమనించదగినది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదజాలాన్ని ప్రాంతాల వారీగా నమోదు చేసింది. చేనేత తదితర వృత్తుల సంపుటాలు తరువాత వచ్చాయి. ఇవి భాషాశాస్త్రానికే కాక వ్యవసాయ అర్థశాస్త్రానికి, సమాజశాస్త్రానికి కూడా మూలసామగ్రి. సామాజికశాస్త్ర పాఠ్యరచన ఈ పదసంపదను తగినంతగా వినియోగించుకోక, ఆంగ్లపదానికి సంస్కృత సమాసాన్ని కల్పించే పద్ధతి మీదనే ఎక్కువగా ఆధారపడింది. ఫలితంగా విద్యార్థికి తన ఊరి మాట పుస్తకంలో కనిపించలేదు. పుస్తకంలోని మాట ఊళ్లో వినిపించలేదు.

7. తెలుగులో పరిశోధన సాధ్యమే: ఒక నిదర్శనం

విశ్వవిద్యాలయం చేయని పనిని వెలుపలి సంస్థలు కొంతవరకు చేశాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఇందుకు ఉత్తమ నిదర్శనం. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసిన గ్రంథమిది. దీని ఆంగ్లరూపం 1989లో వచ్చింది. ఇక్కడ పరిశోధన ముందు తెలుగులో జరిగి, తరువాత ఆంగ్లంలోకి వెళ్లింది. ఆ స్త్రీలు ఏ మాట వాడారు, ఎక్కడ మౌనం వహించారు, పార్టీ భాషకూ తమ ఇంటి భాషకూ మధ్య ఎలా మారారు అన్నవే ఆ పరిశోధనకు ఆధారాలు. అనువాదంలో కథ మిగులుతుంది. ఈ ఆధారం మాత్రం చాలావరకు మూలభాషలోనే ఉండిపోతుంది. మౌఖిక చరిత్ర, మానవశాస్త్రం, స్త్రీల అధ్యయనాల వంటి రంగాల్లో తెలుగు పరిశోధన ఆంగ్లానికి ప్రత్యామ్నాయం మాత్రమే కాదు, పద్ధతి రీత్యా అవసరమని ఈ గ్రంథం నిరూపించింది.

8. కొలమానాల కాలం

గత పదిహేనేళ్లలో ఉన్నతవిద్యను ప్రభావితం చేసిన ముఖ్య పరిణామం పరిశోధనను అంకెల్లో కొలవడం. 2010 నాటి నిబంధనలతో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యాపకుల నియామకం, పదోన్నతులకు విద్యావిషయక పనితీరు సూచికలను ప్రవేశపెట్టింది. 2016 నిబంధనలు సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు పరిశోధన పత్రం ప్రచురణను తప్పనిసరి చేశాయి. ప్రచురణ అవసరం పెరగడంతో రుసుము తీసుకుని పరిశీలన లేకుండా అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. 2018 మేలో సంఘం తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. 2019లో మరింత కఠినమైన కొత్త జాబితా అమలులోకి వచ్చింది. 2022 నిబంధనలు ప్రచురణ తప్పనిసరి అనే షరతును తొలగించాయి. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితా విధానాన్నే రద్దు చేసి, పత్రికల నాణ్యతను నిర్ధారించే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించారు.

ఈ మార్పులు అన్ని భాషల పరిశోధకులనూ ఇబ్బందిపెట్టాయి. తెలుగులో ఆ ఇబ్బంది మరింత లోతైనది. ఆంగ్లంలో నాసిరకం పత్రికలు ఎన్ని ఉన్నా, వాటిని తూచడానికి దీర్ఘకాలంగా నడుస్తున్న ప్రామాణిక పత్రికలు ఉన్నాయి. తెలుగులో సామాజికశాస్త్రాలకు అటువంటి స్థిరమైన సంప్రదాయం ఏర్పడకముందే జాబితాలు వచ్చాయి, పోయాయి. జాబితా రద్దు కావడం తెలుగు పత్రికలకు అవకాశమే. కాని పేర్లు చూసి కాక, రాసినది చదివి నిర్ణయించే సమీక్షకులు ఉన్నప్పుడే ఆ అవకాశం సార్థకమవుతుంది.

9. నేటి విధానాలు: మాటకూ ఆచరణకూ మధ్య

జాతీయ విద్యావిధానం - 2020 ఉన్నతవిద్యలో మాతృభాషకు పెద్దపీట వేసింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఆంగ్లమాధ్యమంలోకి మార్చాలనే నిర్ణయం వెలువడింది. కోర్సు ఆంగ్లంలో ఉన్నా స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వాలని 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం సూచించింది. అయిదేళ్లలో 22 భాషల్లో 22,000 పుస్తకాలు సిద్ధం చేసే ‘అస్మిత’ ప్రాజెక్టును 2024 జూలైలో ప్రారంభించారు.

ఆంగ్లమాధ్యమం కోరేవారి వాదనను తేలికగా కొట్టిపారేయలేము. పైవర్గాల పిల్లలు ఆంగ్లంలో చదువుకుంటూ, దళిత బహుజన విద్యార్థులను మాత్రం తెలుగు మాధ్యమానికి పరిమితం చేయడం అన్యాయమని కంచ ఐలయ్య వంటి ఆలోచనాపరులు ఎంతోకాలంగా వాదిస్తున్నారు. తెలుగు మాధ్యమ విద్యార్థికి పరిశోధన ద్వారం తెరుచుకోలేదన్న వాస్తవమే ఆ వాదనకు బలం. అయితే పన్నెండేళ్లు తెలుగులో చదివిన విద్యార్థికి డిగ్రీ మొదటి సంవత్సరంలో మాధ్యమాన్ని మార్చినంత మాత్రాన ఆంగ్లం రాదు. భాషాబోధనకు అదనపు కాలం, అధ్యాపకులు, తగిన పుస్తకాలు లేనిచోట అర్థంకాని వాక్యాన్ని కంఠస్థం చేయడమే మిగులుతుంది. అప్పుడు విద్యార్థి తెలుగులో ఆలోచించడమూ మానుకుంటాడు, ఆంగ్లంలో ఆలోచించే శక్తీ పొందడు.

మాతృభాషా విధానంలోనూ లోపం ఉంది. ‘అస్మిత’ వంటి పథకాలు మళ్లీ పాఠ్యగ్రంథాలనే లక్ష్యంగా పెట్టుకున్నాయి. యంత్రానువాదం సహాయంతో పుస్తకాల సంఖ్యను త్వరగా పెంచవచ్చు. కాని ఆ పుస్తకాలను తరగతి గదిలో, సదస్సులో, సమీక్షలో పరీక్షించే పండితసమాజం లేకపోతే, 1968 తరువాతి అనుభవమే పునరావృతమవుతుంది. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు విధానాలకు ఒక పోలిక ఉంది. రెండూ తెలుగు విద్యార్థిని జ్ఞానాన్ని స్వీకరించేవానిగానే చూస్తున్నాయి, జ్ఞానాన్ని సృష్టించేవానిగా చూడడం లేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. తెలుగులో సామాజికశాస్త్ర రచన విశ్వవిద్యాలయాల కన్నా ముందే, వాటికి వెలుపల పౌరసంస్థల ద్వారా మొదలైంది. దానికి లేనిది సంస్థాగత కొనసాగింపు, అంతేగాని సామర్థ్యం కాదు.

2. ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా సాధించిన విజయం, తరువాతి విచ్ఛిత్తి ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. ప్రభుత్వాదేశంతో మాధ్యమాన్ని నెలకొల్పవచ్చు. పండితుల వాడుక ద్వారానే దానిని నిలబెట్టగలం.

3. 1968 తరువాత తెలుగు బోధనభాషగా విస్తరించి తొలితరం విద్యార్థులకు ఉన్నతవిద్యను చేరువ చేసింది. పరిశోధన, అర్హత పరీక్ష, ప్రచురణ స్థాయుల్లో దానికి సమాన స్థానం లభించకపోవడంతో ఆ విద్యార్థులే నష్టపోయారు.

4. పరిభాష సమస్యకు పరిష్కారం పదకోశాల్లో కన్నా చర్చలో, క్షేత్రపరిశోధనలో, వృత్తి మాండలిక పదాల వినియోగంలో ఉంది.

5. తెలుగు, ఆంగ్లం అనే రెంటిలో ఒకదానిని ఎంచుకోవడం అసలు ప్రశ్న కాదు. ఆంగ్లంలో చదవగల శక్తిని, తెలుగులో రాయగల గౌరవాన్ని ఏకకాలంలో కల్పించడం అవసరం. సామాజికశాస్త్రాల్లో తెలుగు సిద్ధాంతగ్రంథాన్ని విస్తృతమైన ఆంగ్ల సంగ్రహంతో స్వీకరించడం, ఆంగ్లంలో సమర్పించిన ప్రతి సిద్ధాంతగ్రంథానికీ పరిశోధకుడే రాసిన తెలుగు వ్యాసరూపాన్ని జతచేయించడం, జాతీయ అర్హత పరీక్షను తెలుగులోనూ నిర్వహించడం ఆచరణ సాధ్యమైన తొలి చర్యలు.

తెలుగునాట రాసిన అనేక సామాజికశాస్త్ర సిద్ధాంతగ్రంథాలకు ఆధారం గ్రామీణులు తెలుగులో ఇచ్చిన జవాబులు. ప్రశ్నావళి పూర్తయిన తరువాత ఆ జవాబులు ఆంగ్లంలోకి మారి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు చేరుతున్నాయి. తమ జీవితం గురించి ఏమి రాశారో చదివి, అది సరైనదో కాదో చెప్పగల అవకాశం జవాబిచ్చినవారికి, వారి పిల్లలకు లేదు. సామాజికశాస్త్రాలకు సమాజంలో విశ్వాసం తగ్గిందని విచారించే విద్యావ్యవస్థ ముందుగా సరిదిద్దవలసిన లోపం ఇది.